ఒళ్ళెరగని నిద్ర

జూన్ 3

ఒరేయ్ మబ్బూ,

ఇక్కడ నేను బాగున్నాను, దబ్బనం బాగుంది, మోకాలు ఒక్కటే మాట వినడం లేదు. నీ పరుపు నిన్నటి పడవలో దిగింది. పడవాయన దాన్ని భుజాన వేసుకొచ్చి కొట్టు గుమ్మంలో దించి, "మీ తమ్ముడు ఏడాదికోసారి పరుపుని పంపిస్తాడు, తను మాత్రం రాడేంటమ్మా?" అన్నాడు. సముద్రం మధ్య ఆ రాయి మీద కూర్చుని మేఘాలు చూసి రాసుకునే ఉద్యోగం వాడికి అంత బాగుందట అన్నాను. ఆయన నవ్వలేదు.

పరుపు విప్పి దూది చూశాను. ఏకాల్సింది పెద్దగా ఏమీ లేదు. దాని సంగతి తర్వాత రాస్తాను.

అసలు విషయం ఇంకోటి. కొట్టు మీద నీ గది ఖాళీగానే ఉంది కదా. మధ్యాహ్నం నేను దూది ఏకుతుంటే నూగంతా లేచి, మెట్లెక్కి, ఆ గదిలో కిటికీ ఎండలో తేలుతూ ఉంటుంది. పని ఆపి కాసేపు అక్కడ నిలబడితే మబ్బులో నిలబడ్డట్టే ఉంటుంది. అంత మెత్తటి గదిలో నిద్రపోయేవాళ్ళు లేకపోవడం నాకేం బాగాలేదు. దిక్కులేని కుక్కల్నీ పిల్లుల్నీ చేరదీసే సంస్థలున్నాయి చూడు, వాటికి చోటు చాలదట. శాశ్వతంగా పెంచుకునేవాళ్ళు దొరికేదాకా కొన్నాళ్ళు ఇంట్లో ఉంచుకునేవాళ్ళ కోసం వెతుకుతుంటారట. తిండి పెట్టి, కుదుటపరిచి, మంచి ఇల్లు దొరకగానే అప్పగించడం మన పని. ఊళ్ళో అలాంటి సంస్థలు మూడున్నాయి. ఏదో ఒకటి పట్టుకోవాలి. తప్పుచోట చేరితే ఆ మూగజీవి ఉసురు మనకు తగులుతుంది. చదువుకున్నవాడివి, ఏది మంచిదో చెప్పు.

నీకు నిద్ర బాగా పడుతోందా?

జుట్టునిండా దూదితో,
అక్క


జూన్ 16

అక్కా,

నీ ఉత్తరం వచ్చిన రోజు ఇక్కడ పొగమంచు. చెయ్యి చాపితే వేళ్ళు కనబడలేదు. పడవాయన గొంతు ముందొచ్చింది, పడవ తర్వాత వచ్చింది. ఇక్కడి రేడియోలో ఆఫీసుకి వాతావరణం చెప్పడం తప్ప ఇంకో మాటకు వీల్లేదు కాబట్టి, ఉత్తరం చేతిలో పడితే నాకు పండగే.

ఇందులో తేల్చుకోవడానికి ఏముందక్కా? పెద్ద రోడ్డు మీద అద్దాల భవనం ఉంది కదా, దానికే చేరు. లోపలే డాక్టరు ఉంటాడు, టీకాలు వేస్తారు, ప్రతిదానికీ ఒక పద్ధతి ఉంటుంది. నువ్వు మనసు చెప్పినట్టల్లా ఆడే మనిషివి. ఎవరో కళ్ళనీళ్ళు పెట్టుకుని ఏ గాడిదనో అంటగడితే మెట్లెక్కించి తెచ్చుకుంటావు. అందుకే పద్ధతి ఉన్నవాళ్ళు నీకు అవసరం.

ఒక్క మాట అడగనా? ఒంటరిగా అనిపిస్తోందా? ఇన్నాళ్ళు లేనిది ఇప్పుడెందుకీ కుక్కల గోల అని.

నిద్ర సంగతి అడిగావు. ఇక్కడ అలల చప్పుడుకి తల ఆనిస్తే చాలు, తెల్లారిపోతుంది. అంతా నీ పరుపు చలవే. తొందరగా పంపు, అది లేక నడుం పట్టేస్తోంది.

నీ తమ్ముడు


జూన్ 29

తమ్ముడూ,

నడుం పట్టేస్తోందా? అయ్యో పాపం.

నువ్వు చెప్పావని అద్దాల భవనానికి వెళ్ళాను. అయితే నా పద్ధతిలో వెళ్ళాను. పరుపు కొనడానికొచ్చినవాళ్ళు నోటితో చెప్పేది నాన్న ఎప్పుడైనా విన్నాడా? "ఆ బల్ల మీద కాసేపు పడుకోండి" అని చెప్పి టీ పెట్టే వంకతో లోపలికి పోయేవాడు. తిరిగొచ్చేసరికి వాళ్ళ ఒళ్ళే అన్నీ చెప్పేసేది. నాకూ అదే అలవాటైంది. కుక్కలు మధ్యాహ్నం కునుకు తీస్తాయి కాబట్టి ఆ వేళకే వెళ్ళి చూడాలనుకున్నాను.

బల్ల దగ్గరున్న అమ్మాయి, ఉదయం పూటే చూడనిస్తాం అంది. సరేనని బయటికొచ్చి, కొలతల టేపు మెడలో వేసుకుని పక్క తలుపులోంచి వెళ్ళాను. మెడలో టేపుంటే ఎవరూ ఆపరురా! లోపల అన్నీ మెరుస్తున్నాయి. ఒక్కో కుక్కకు ఒక్కో అద్దాల గది. అన్నీ గోడవైపు తిరిగి, ఒళ్ళంతా ముడుచుకుని పడుకున్నాయి. నా అడుగుల చప్పుడుకి కళ్ళు తెరవవు, రెప్పలు మాత్రం వణుకుతాయి. కలతనిద్ర. వాళ్ళు చెడ్డవాళ్ళు కాదు, కడుపునిండా పెడుతున్నారు. కానీ అక్కడెవరూ కూర్చోవడానికి ఒక్క కుర్చీ కూడా లేదు. బల్ల దగ్గరి అమ్మాయి ముందే నాకు నియమాలు అప్పజెప్పింది. ఇరవై కిలోమీటర్లు దాటి పంపరు, ఎప్పుడు తిరిగిమ్మంటే అప్పుడు ఇవ్వాలి.

రెండోది రిటైరైన పోలీసాయనది. పెరడంతా అద్దంలా ఊడ్చి ఉంది. ఆయన ఈల వేస్తే కుక్కలన్నీ వరసగా పడుకున్నాయి. "చూశారా, ఒక్కటి కదల్దు!" అని మీసం తిప్పాడు. నేను వంగి చూశాను. ఒక్కోదానికి ఒక్కో చెవి నిక్కబొడుచుకుని ఉంది. చిన్నప్పుడు నాన్న అడుగుల చప్పుడు వినగానే మనిద్దరం దుప్పటి ముసుగేసేవాళ్ళం, గుర్తుందా? అచ్చం ఆ దొంగనిద్ర. నాకు నవ్వొచ్చింది, ఆయనకు కోపమొచ్చింది.

ఇంకా మూడోది చూడాలి. నిద్రపోయేది నిజంగా నిద్రపోతోందో లేదో పట్టించుకునేవాళ్ళు ఎక్కడో ఉండే ఉంటారు.

అక్క


జులై 11

అక్కా,

నీ ఉత్తరం చదివి దిగులేసింది. మధ్యాహ్నాలు కొట్టు మూసేసి, దొంగచాటుగా ఎవరెవరి తలుపుల్లోంచో దూరి కుక్కల నిద్ర చూసొస్తున్నావా? కలతనిద్ర అంటావు, దొంగనిద్ర అంటావు, ఉత్తరమంతా నిద్ర తప్ప ఇంకో మాట లేదు. అక్కా, నిజం చెప్పు. నీకు నిద్ర పట్టడం లేదు కదూ?

దాచకు. నేనేం చిన్నపిల్లాణ్ణి కాదు. పడుకునేముందు వేడి పాలు తాగు. పగలు కునుకు మానేయ్. సాయంత్రం కాసేపు నడువు. ఆలోచనలు ఎక్కువైతే మెదడు మన మాట వినదు. అవసరమైతే డాక్టరుకి చూపించుకో. నేనిక్కడ హాయిగా పడుకుంటూ, నువ్వక్కడ కంటి మీద కునుకు లేకుండా ఉన్నావంటే నాకెలా ఉంటుంది చెప్పు.

ఈ వారం మేఘాలు చాలా కిందికి దిగాయి. ఒకటి ఏకంగా కిటికీలోంచి లోపలికొచ్చి నా పుస్తకం తడిపి వెళ్ళింది. నీ కొట్టే గుర్తొచ్చింది.

అద్దాల భవనమే మంచిదని ఇప్పటికీ నా అభిప్రాయం. పరుపు ఎప్పుడు పంపుతున్నావు?

తమ్ముడు


జులై 25

ఒరేయ్ పెద్దమనిషీ,

నీ పాలూ నీ చిట్కాలూ అందాయి. నాకు నిద్ర కరువేంట్రా? దబ్బనం చేతిలో ఉండగానే కునుకుతాను, వేలికి గుచ్చుకుంటే లేస్తాను. ఆ సలహాలన్నీ ఒక కాగితం మీద రాసి నీ గోడకే అంటించుకో.

మూడోది దొరికింది! ఊరి చివర, ఒకప్పుడు బస్సులు నిలిపిన పాత రేకుల షెడ్డు. అత్తాకోడళ్ళు నడుపుతున్నారు. కోడలు పళ్ళ డాక్టరు, పొద్దున మనుషుల పళ్ళు పీకి మధ్యాహ్నం కుక్కల పళ్ళు తోముతుంది. అత్తగారు ఒకప్పుడు బస్సు కండక్టరు. గుమ్మంలో నిలబడ్డ నన్ను చూసి, "లోపలికి జరగమ్మా, లోపలికి, దారికడ్డంగా నిలబడొద్దు" అంది. ఏ పిల్లికి పాలు పోశారో, దేనికి పోయలేదో ఇద్దరికీ గుర్తుండదు. ఆ విషయం మీద వాదించుకుంటూ, రెండోసారి కూడా పోసేస్తున్నారు. నువ్వు చూస్తే తల పట్టుకుంటావు.

కానీ విను. విరిగిన బస్సుల సీట్లన్నీ తెచ్చి లోపల వరసలుగా వేశారు. ఒక్కో సీట్లో ఒక కుక్క, లేదా రెండు పిల్లులు. అన్నీ వెల్లకిలా, కాళ్ళు నాలుగూ గాల్లోకి, నోళ్ళు తెరుచుకుని. ఒకటి గుర్రు పెడుతోంది, ఇంకోటి కలలో తోక ఆడిస్తోంది. రేకు కంతల్లోంచి ఎండ చుక్కలు చుక్కలుగా వాటి పొట్టల మీద పడి, ఊపిరితో పాటు పైకీ కిందికీ కదులుతోంది. చూస్తూ చూస్తూ ఉండగా షెడ్డే మెల్లగా కదిలినట్టనిపించింది. ఎక్కడికో చాలా దూరం పోతున్నాం, ఎవరికీ తొందర లేదు. నేనూ ఒక సీట్లో కూర్చున్నాను. కళ్ళు తెరిచేసరికి సాయంత్రమైంది. ఒళ్ళో ఎవరిదో పిల్లి ఉంది. నన్నెవరూ లేపలేదు. ఒళ్ళెరగని నిద్రంటే అది. అక్కడికక్కడే, మీ దగ్గరే చేరతాను అని చెప్పేశాను.

ఆ షెడ్డులో ఒక్కడే నిద్రపోలేదు. గోధుమరంగు కుక్క, ఒక చెవి వాలి ఉంటుంది. గుమ్మం పక్కన గోడకి వీపు ఆనించి కూర్చుంటాడు. మెల్లగా తల వాలుతుంది, వెంటనే ఉలిక్కిపడి లేపుతాడు, మళ్ళీ వాలుతుంది. అందుకే వాడికి వాచ్‌మన్ అని పేరు పెట్టారు. ఒక ముసలి సంగీతం టీచరు దగ్గర ఉండేవాడట. ఆవిడ మంచం మీదే, కాళ్ళ దగ్గర పడుకునేవాడు. ఆవిడ పోయింది. అప్పట్నుంచి వాడు నడుం వాల్చలేదు.

వాడిని తెచ్చేసుకున్నాను. మేడమీద నీ గదిలో ఉంచాను. నీ పరుపు వేశాను. మొదట దాని దరిదాపులకు రాలేదు. నిన్న వచ్చి పక్కన కూర్చుని, గడ్డం మాత్రం దాని మీద ఆనించాడు. కాసేపు అలా ఉన్నాడు. నేను మెట్ల మీద ఊపిరి బిగబట్టి కూర్చున్నాను.

అక్క


ఆగస్టు 6

అక్కా,

నా పరుపు కుక్కకు వేశావా?

నేను ఎంత జాగ్రత్తగా కట్టి పంపాను! ఏకి పంపుతావని ఇక్కడ ఎదురుచూస్తుంటే, నువ్వు నా పరుపుని ఏదో దారినపోయే కుక్క గడ్డం కిందికి తోశావా? నా గది కూడా దానికే ఇచ్చావు. ఇంకేం మిగిలింది? నేను రావడం లేదని నీకు కోపముంటే నేరుగా తిట్టు. ఇలా నా చోటులో ఇంకొకళ్ళని కూర్చోబెట్టి చెప్పక్కర్లేదు.

అక్కడ నాకిక చోటు లేదన్నమాట. మంచిది. నేను కూడా ఇక్కడే ఇంకో ఏడాది ఉంటానని ఆఫీసుకి రాస్తాను. ఆ టీచరుగారి కథ రాశావు, నాకెందుకది? కుక్క పడుకుంటే ఏంటి, పడుకోకపోతే ఏంటి? కొందరికి కూర్చునే అలవాటుంటుంది. వదిలెయ్యి దాన్ని.

వీలైతే నా పరుపు నాకు పంపు.

తమ్ముడు


ఆగస్టు 19

తమ్ముడూ,

నా పరుపు, నా పరుపు అన్నావు. ఒక్కరోజైనా దాని మీద పడుకుని ఉంటే అది నీ పరుపయ్యేది.

మనిషి పడుకున్న పరుపు విప్పితే దూదే చెబుతుంది. నడుం దగ్గర గడ్డకడుతుంది, భుజాల దగ్గర అణుగుతుంది, గుంట పడుతుంది. నీ పరుపులో నేను కూరిన దూది కూరినట్టే ఉంది. నిరుడు కూడా అంతే. అప్పుడు నా చూపే మందగించిందేమో అనుకున్నాను. ఈసారి నువ్వు గలీబు నలిపి, పైన టీ ఒలకబోసి మరీ పంపావు. అదీ సరిగ్గా నడిమధ్యలో! పడుకుని టీ తాగేవాడు వీపు కింద ఒలకబోసుకుంటాడట్రా? ఎవరి చెవిలో పువ్వు పెడతావు?

ఆ రోజు కొట్టు తలుపులు దగ్గరికేసుకుని ఏడ్చాను. అడిగితే, హాయిగా పడుకుంటున్నాను అంటావని తెలుసు. అన్నావు కూడా. పడవాయన్ని అడిగితే, ఎప్పుడొచ్చినా నువ్వు కుర్చీలోనే కునికిపాట్లు పడుతుంటావన్నాడు. నువ్వు ఆ రాయి మీద ఇన్నాళ్ళుగా కుర్చీలో కూర్చుని తెల్లారబెడుతున్నావని తలచుకుంటే నాకు అన్నం దిగలేదు. ఇలాగే ఉంటే నువ్వు నాకు దక్కవురా.

ఇంకోటి కూడా చెప్పాలి. మరదలు పోయాక నీకీ పరుపు కుట్టేటప్పుడు, ఒక్కరి కొలత వెయ్యడానికి నాకు చెయ్యి రాలేదు. మీ పెళ్ళికి కుట్టినంత వెడల్పే కుట్టేశాను. దాని మీద నువ్వెలా పడుకుంటావని అప్పుడు తట్టలేదు.

ముందునుంచీ నేను సంస్థ వెతికింది నా ఇంటికోసం కాదు, నీకోసం. అద్దాల భవనంవాళ్ళు ఇరవై కిలోమీటర్లు దాటనివ్వరు. పోలీసాయన నీ దగ్గరికే వచ్చి ఈల వేస్తాడు. కండక్టరమ్మకు ఉన్నదున్నట్టు చెప్పాను. మా తమ్ముడొకడున్నాడు, వాడూ నడుం వాల్చడు అన్నాను.

"ఎక్కడుంటాడు?"

"సముద్రంలో రాయి మీద."

"పక్కన సీటు ఖాళీయేనా?"

"ఖాళీయే."

"అయితే ఎక్కించెయ్," అంది.

పక్కనున్న కోడలు మాత్రం ఒక్క మాట నీకు చెప్పమంది. వాడు ముందుగా పడుకోడట, మనిషి పడుకోవాలట. తర్వాత నేను పడుకుని కూడా చూశాను, అప్పుడూ వాడు గడ్డం దాకే వచ్చాడు. మిగతాది నావల్ల కాలేదు, రోజూ వాడి పక్కన పడుకునే మనిషిని నేను కాను కదా.

నీ గది నీదే. అది ఎప్పుడూ నీదే, పిచ్చివాడా.

ఈ ఉత్తరం పడవాయన ఒక చేత్తో ఇస్తాడు. ఆయన భుజాన పరుపుంటుంది. రెండో చేతిలో తాడుంటుంది.

నీ అక్క


ఆగస్టు 20

అక్కా,

పడవ ఇంకా ఇక్కడే ఉంది, ఇది నిలబడి రాస్తున్నాను. నీకు మతిగాని పోయిందా? వెనక్కి తీసుకుపొమ్మంటే పడవాయన, "ఉత్తరాలు మోస్తాను గానీ మీ గొడవలు మొయ్యను" అంటున్నాడు. కుక్క అప్పుడే నా తలుపుకి వీపు ఆనించి కూర్చుంది. వచ్చే పడవలో పంపేస్తాను. అప్పటిదాకే.

టీ మరక గురించి ఏమీ అనను.

తమ్ముడు


సెప్టెంబరు 22

అక్కా,

వచ్చే పడవ వచ్చింది, వెళ్ళింది. వాచ్‌మన్ ఎక్కలేదు. నేనూ ఎక్కించలేదు.

మొదట్లో ఇద్దరం ఎదురెదురుగా కూర్చునేవాళ్ళం. నేను కిటికీ దగ్గర కుర్చీలో, వాడు తలుపు దగ్గర. వాడి తల మెల్లగా వాలేది, ఉలిక్కిపడి లేచేవాడు. చుట్టూ చూసేవాడు, ఎవరో ఉండాల్సిన మనిషి లేనట్టు. మళ్ళీ వాలేది. నేనెలా ఉంటానో నాకు అప్పుడు తెలిసింది. ముందు వాడి మీద జాలేసింది, తర్వాత నా మీద వేసింది.

నువ్వు అడగలేదు, నేను చెప్పలేదు. ఇప్పుడు చెబుతాను. మీ మరదలు పోయాక, పక్క మీద వాలితే పక్కన చోటు కనబడుతుంది. కుర్చీలో పక్కన చోటుండదు. అంతేనక్కా, ఇంకేం లేదు. నువ్వు పరుపు వెడల్పు కుట్టినందుకు కాదు. సన్నగా కుట్టినా ఆ చోటు ఉండేది.

మొన్న మధ్యాహ్నం పొగమంచు కమ్మేసింది. సముద్రం లేదు, ఆకాశం లేదు, నా పనిముట్లు కూడా లేవు. పుస్తకంలో, ఏమీ కనబడటం లేదు అని రాసి లోపలికొచ్చాను. ఏం తోచిందో, నువ్వు పంపిన కట్టు విప్పి పరుపు పరిచాను. కుక్క చూస్తుండగా పడుకోవాలంటే సిగ్గేసింది, నిజం. గోడవైపు అంచున, ఇదివరకు నేను పడుకునే వైపే పడుకున్నాను. కొత్తగా ఏకిన దూది వాసన వచ్చింది. చిన్నప్పుడు కొట్టులో దూదికుప్ప మీదికి దూకి మునిగిపోయేవాళ్ళం కదా, పైనుంచి నాన్న గొంతు ఎక్కడో దూరంగా వినబడేది. అచ్చం అలా ఉంది. నేల మీద గోళ్ళ చప్పుడు రెండడుగులు వచ్చి ఆగింది. ఇంకాస్త వచ్చి ఆగింది. తర్వాత నా వీపు వెనక పరుపు దిగింది. వాడు గుండ్రంగా రెండుసార్లు తిరిగి, పెద్ద నిట్టూర్పు విడిచి, నడుం వాల్చాడు. నా వీపుకి వెచ్చగా తగిలాడు.

ఆ తర్వాత నేను నీ బస్సులో ఉన్నాను. బయటంతా తెల్లగా ఉంది, దూదో మంచో తెలియలేదు. నేనెప్పుడూ చూడని మీ కండక్టరమ్మ, "లోపలికి జరగండి, లోపలికి" అంటోంది. ముందు సీట్లో మీ మరదలుంది. వెనక్కి తిరగలేదు గానీ ఆ జుట్టు ముడి ఆవిడదే. పిలవాలనిపించలేదు. ఒకే బస్సులో ఉన్నాం, అది చాలనిపించింది.

లేచేసరికి చీకటి పడబోతోంది. సాయంత్రం పంపాల్సిన వాతావరణం పంపనే లేదు. ఏమైంది, ఏమైంది అని రేడియోలో ఆఫీసువాళ్ళు అరుస్తున్నారు. నిద్రపోయానండీ అన్నాను. ఉద్యోగంలో చేరాక అంత గర్వంగా ఏ మాటా చెప్పలేదు. వాచ్‌మన్ మాత్రం లేవలేదు. వెల్లకిలా తిరిగి, కాళ్ళు గాల్లోకి పెట్టి, కలలో ఎక్కడికో పరిగెడుతున్నాడు. వెళ్ళి రానీ అని దీపం వెలిగించకుండా కూర్చున్నాను. కాసేపటికి మళ్ళీ వాడి పక్కనే వాలాను.

కండక్టరమ్మకు చెప్పు, వీడికి ఇంకో ఇల్లు వెతకొద్దని. ఇంకో ఏడాది ఉంటానని ఆఫీసుకి రాసిన కాగితం పడవలో వెయ్యనే లేదు, చింపేశాను.

నా గది ఊడ్చి ఉంచు. ఈసారి పరుపు పంపను, వచ్చే వేసవిలో నేనే తెస్తాను, వాడితో కలిసి. నువ్వే విప్పి చూడు. టీ మరకలేమీ ఉండవు. నడిమధ్య ఒక పెద్ద గుంట ఉంటుంది, అది వాడిది. గోడవైపు అంచున ఇంకోటి ఉంటుంది. అది నాది.

నీ తమ్ముడు